గట్టు మీద మంచం

కూర్చున్నాను. బందరు బస్టాండులో కోడూరు బస్సెక్కి, కిటికీ పక్కన, ఎండకి కాలిపోతున్న రెగ్జిన్ సీటు మీద ఎంచక్కా వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. ఇందులో గొప్పేముంది, టిక్కెట్టు కొన్నవాళ్ళందరూ కూర్చుంటారుగా అంటారా, అనండి, మీకేం. రెండేళ్ళపాటు కమ్మీ పట్టుకుని నిలబడి చూడండి, ఎదురుగా సీటు ఖాళీగా ఉన్నా "పర్లేదండీ, ఇక్కడే దిగిపోతా" అని అవనిగడ్డ దాకా అబద్ధమాడి చూడండి, అప్పుడు తెలుస్తుంది కూర్చోవడమంటే ఏంటో. పెళ్ళిళ్ళలో మొదటి పంక్తిలోనే నాలుగు మెతుకులు మింగేసి పరిగెత్తుకొచ్చేదాన్ని. సినిమాకి రమ్మంటే తలనొప్పనేదాన్ని. పైకి నవ్వుతూనే లోపల పళ్ళు బిగబట్టి, ఎప్పుడు ఇల్లు చేరతానా, ఎప్పుడు తలుపు గడియ పెట్టుకుంటానా అని చూసేదాన్ని. దురద. ఆడదానికి చెప్పుకోలేని చోట దురద, మంట, విరిగిన పాలలాంటి తెలుపు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. ఇదిగో, ఇవాళ లేదు. లోపల్లోపల వెతుక్కుంటున్నా, ఎక్కడన్నా నక్కి ఉందేమో అని, లేదు. బస్సు గతుకులో పడి నన్ను ఎగరేసి మళ్ళీ సీటు మీద దబ్బున పడేసింది, అబ్బ, ఎంత హాయిగా ఉందో. ఇంకో గతుకు వస్తే బాగుండు.

నవ్వు రాకూడదు. నాకు పన్ను నొప్పి కదా. అత్తతో అలాగే చెప్పొచ్చాను, బందర్లో పంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని, పోయినసారీ అదే, ఈసారీ అదే. మరేం చెప్పను. మా దుర్గాదేవత్త మా నాన్నకి సొంత అక్క, నాకు అత్తగారు, నన్ను చంకనెత్తుకు పెంచిన మనిషి, అయినా ఈ మాట గొంతు దాటి రాలేదు. పన్నంటే ఎవరికైనా చూపించుకోవచ్చు, నోరు తెరిస్తే చాలు. బస్సు కదులుతుంటే ఎక్కింది సరోజక్క, మా వీధి చివర కిరాణా కొట్టు ఆవిడ, రెండు చేతుల్లో సంచులు, చంకలో చీపుళ్ళ కట్ట. బస్సు సగం ఖాళీ. అయినా తిన్నగా వచ్చి నా పక్కనే కూలబడింది.

"ఏమే వీరలక్ష్మీ, పీకాడా?"

చెయ్యి దానంతటదే బుగ్గ మీదకి వెళ్ళింది. "లేదక్కా. బిళ్ళలిచ్చాడు."

"ఈ వైపా? మొన్న ఎడం వైపు పట్టుకున్నావుగా?"

"రెండు వైపులా ఉందక్కా," అన్నాను, ఇంకేమనాలి. పాపం ఆవిడ చ్చొచ్చొచ్చో అని, లవంగం పెట్టుకో, ఉప్పునీళ్ళు పుక్కిలించు అని మొదలెట్టింది. నేను మొహం వేలాడేసుకుని ఊఁ కొడుతున్నాను. ఇంత సంతోషాన్ని పన్ను నొప్పి కింద దాచుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

లవంగం అంటోంది ఈవిడ. నేను పెట్టని మందుందా అసలు. మొదటిసారి వచ్చినప్పుడు మందుల కొట్టు కుర్రాడికి సగం చెప్పీ చెప్పక చెప్తే, వాడు మొహం చూడకుండా ఓ ట్యూబు కాయితంలో చుట్టి ఇచ్చాడు. రాసిన పూటే చల్లగా అయిపోయింది, వాడి కడుపు చల్లగుండా అనుకున్నా, నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే ట్యూబు. ఊళ్ళో ఆరెంపీ దగ్గరికెళ్తే ఇన్‌ఫెక్షన్ అన్నాడు, పెద్ద పెద్ద క్యాప్సూళ్ళు ఇచ్చాడు, అవి మింగాక ముందున్నదానికి రెట్టింపైంది. నీరసంగా ఉన్నావేంటే అని అత్త అడిగితే వేడి చేసిందన్నాను. ఇక చూడండి, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ, మామిడిపండు బంద్, కోడిగుడ్డు బంద్, ఎండాకాలమంతా నా నోరు కట్టేసింది మహాతల్లి. పైగా ఎక్కడో ఎవరో అనగా విన్నాను, మగాడు బయట తిరిగొస్తే ఆడదానికి ఇలాంటివి వస్తాయంట అని. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు మా ఆయన గోపి బావ వెనకాల కళ్ళు పెట్టుకు తిరిగాను. ఆయన తిరిగే చోట్లు రెండే రెండు, మేత కొట్టూ, రొయ్యల చెరువూ. ఏ రొయ్యతో తిరుగుతాడు పాపం.

ఇవన్నీ ఒకెత్తు, నేను చేసిన ఘనకార్యం ఒకెత్తు. మావి లీజు చెరువులు, వనామీ రొయ్య. పిల్ల దింపే ముందు చెరువు ఎండగట్టి, నీళ్ళు పెట్టి, బ్లీచింగ్ కొట్టి, పాత రోగాలన్నీ చంపుతాం. ఆ పనంతా బావతోపాటు నేనూ చేస్తాను, మోకాళ్ళ దాకా చీర దోపుకుని. షెడ్డులో అయోడిన్ మందు డబ్బా ఉంటుంది, చెరువుకి కొట్టేది. ఒకరోజు ఆ డబ్బా వైపు చూశాను. రోగాన్ని చంపేదే కదా, చెరువంత చెరువునే శుభ్రం చేస్తుందే, నేనెంత. మూతలో పోసి, టబ్బు నీళ్ళలో కలుపుకుని, కూర్చున్నాను. భగ్గుమంది. మంటెక్కితే మందు పనిచేస్తున్నట్టే అనుకున్నాను, తెలివితేటలు అలా ఏడ్చాయి. రోజూ అదే పని. ఒక్కోరోజు రెండుపూటలా.

చల్లపల్లి వచ్చింది. బస్సులోకి జామకాయల బుట్ట ఎక్కింది, ఆ వెనకే దాని తాలూకు మనిషి. సరోజక్క ఓ కాయ కొని కొరికి, నాకివ్వబోయి, "అయ్యో నీకు పన్ను కదూ" అని వెనక్కి లాక్కుంది. నా నోట్లో నీళ్ళూరాయి. ఉప్పూకారం అద్దిన జామకాయ. అబద్ధానికి శిక్ష అంటే ఇదే.

అయోడిన్ సంగతి విన్నప్పుడు బందరు లేడీ డాక్టరు ప్రభావతి గారి మొహం గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పెద్దావిడ, తెల్ల చీర, గోడ మీద యేసుప్రభువు క్యాలెండరు, దాని కింద ఫ్యాను తిరుగుతూ కిర్రుమంటూ. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నేలచూపులు చూస్తూ "కిందండీ" అన్నానంతే. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "కింద ఎక్కడమ్మా, పేరు పెట్టి చెప్పు, ఇక్కడ సిగ్గుపడే పనిలేదు" అంది. ఎప్పటినుంచి, ఎన్నిసార్లు, ఏం వాడావు, ఏం వేసుకుంటావు, ఎంతసేపు తడిబట్టల్లో ఉంటావు, ఒక్కొక్కటీ అడిగింది. అంతవరకూ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఇచ్చారంతే. అయోడిన్ అనగానే కలం కింద పెట్టేసి, "రొయ్యల చెరువుకి కొట్టేదా?" అంది. "అవునండీ." "నీకా?" "అవునండీ." కాసేపు కళ్ళు మూసుకుంది, ప్రార్థన చేసుకుందేమో. తర్వాత చూసింది, దూదిపుల్లతో కాస్త తీసి ల్యాబుకి పంపింది, షుగరు పరీక్ష రాసింది, షుగరున్నా ఇది ఇలాగే తిరగబెడుతుందంట. నాకు లేదు, దేవుడి దయ. ఇదేమిటో దాదాపు తెలుసు, అయినా ల్యాబు వాళ్ళు సరిగ్గా చెప్పాక ఖాయం చేద్దాం అని, ఆ లోపు మూడు రోజులకొకటి చొప్పున మూడు బిళ్ళలు మింగమంది. మూడోది మింగిన మర్నాడు పొద్దున్నే నేను పెరట్లో గిన్నెలు తోముతూ, పీట మీద ఎంతసేపటినుంచో కదలకుండా కూర్చున్నానని చూసుకుని, మసిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. అత్త చూసి పన్ను మళ్ళీ లేచిందనుకుంది.

ఇవాళ రిపోర్టు వచ్చింది. "ఈస్టమ్మా," అంది డాక్టరు గారు. నేను నా చేతుల వంక చూసుకున్నాను. ఎందుకంటే ఈస్టు కలిపేది నేనే! బెల్లం, తవుడు, ఈస్టు డ్రమ్ములో పోసి, నీళ్ళు పట్టి, కర్రతో కలిపి, పులిసి పొంగొచ్చాక చెరువులో చల్లుతాం, నీళ్ళు రంగు తిరగడానికి. చేతులతో ఎత్తి పోస్తాను. "మా డ్రమ్ములోంచి నాకు అంటుకుందాండీ?" అని అడిగాను. ఆవిడ నవ్విన నవ్వుకి బయటున్న నర్సు తొంగిచూసింది. "అది వేరే రకం తల్లీ, దాని పని అది చేసుకుంటోంది. ఇది మామూలుగానే ఆడవాళ్ళ ఒంట్లో కొంచెం ఉంటుంది. దీన్ని అదుపులో పెట్టే మంచి సూక్ష్మజీవులు కూడా అక్కడే ఉంటాయి. వాటిని నువ్వు చంపేస్తే ఇది విచ్చలవిడిగా పెరుగుతుంది. ఆ పెద్ద క్యాప్సూళ్ళు కొన్నిటిని చంపాయి. మిగిలినవాటిని నీ అయోడిన్…"

ఇంకేం చెప్పక్కర్లేదు. నాకు మొత్తం కళ్ళముందు కనపడింది. చెరువు. పిల్ల దింపాక, పంట నీళ్ళలో ఈదుతుండగా, ఎవడన్నా రోజూ బ్లీచింగ్ కొడతాడా? కొడితే ఏమవుతుంది? నీళ్ళలో మంచిదంతా చచ్చి, రంగు విరిగి, తెల్లారేసరికి చెడ్డదొక్కటే చెరువంతా ఏలుతుంది. ఇది మా ఊళ్ళో చిన్న పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదా? ఎన్ని చెరువుల నీళ్ళు చూసి రంగు చెప్పలేదు నేను. అడుసు తొక్కనేల, అయోడిన్ పోయనేల. పైకే అనేశాను డాక్టరు గారితో, "అయ్యో, పంటున్న చెరువుకి మందు కొట్టేశానండీ" అని. ఆవిడ బల్ల మీద చెయ్యేసి "అదే! ఇంత చక్కగా నాకు చెప్పడం చేతకాలేదు" అంది.

వారానికో బిళ్ళ, ఆర్నెల్లు. దురద పోయిందిగా అని మధ్యలో ఎగ్గొడితే మళ్ళీ నా దగ్గరికే వస్తావు అంది. ఆదివారం పేరు చెప్పి వేసుకో, మర్చిపోవు అంది. ఆ మందుల కొట్టు ట్యూబు పారెయ్, అందులో స్టెరాయిడు కలిపి ఉంది, అది పైపైన చల్లబరిచి లోపల పెంచుతుంది. కడుక్కోడానికి ఉత్త నీళ్ళు చాలు, అదీ పైపైనే. చెరువులోంచి వచ్చాక తడి చీర మార్చు, నూలు బట్ట కట్టు. ఆర్నెల్లయ్యాక మళ్ళీ రావచ్చు కూడా, కొంతమందికి వస్తుంది, వస్తే భయపడకు, మళ్ళీ మొదలెడదాం. ఈ బిళ్ళకి లొంగని రకమైతే లోపల పెట్టుకునే వేరే మందుంది, దాన్ని నోట్లో వేసుకోకూడదు, నేను చెప్పకుండా ఎవరిచ్చినా తీసుకోకు. వింటుంటే నాకెంత ధైర్యమొచ్చిందో. పూర్తిగా పోతుందని ఒట్టేసి చెప్పలేదు ఆవిడ, అందుకే నమ్మాను. వస్తే రానీ. ఇప్పుడు దాని పేరు నాకు తెలుసు, దాని మందు తెలుసు, దాని డాక్టరమ్మ బందర్లో కిర్రుమనే ఫ్యాను కింద ఉందని తెలుసు.

"ఇంకోటి. నెల తప్పితే మాత్రం వెంటనే చెప్పాలి, ఈ బిళ్ళ ఆపేసి పైపూతకి మారాలి," అంది చివర్లో. నేను నవ్వేశాను. "నా మొగుడు చెరువు గట్టు మీద, నేను ఇంట్లో. నెలెలా తప్పుద్దండీ?" ఆవిడ నవ్వలేదు. "ఆయనకి చెప్పావా?" అంది. తల అడ్డంగా ఊపాను. "ఇది ఆయన తెచ్చిందీ కాదు, నువ్వు చేసుకున్న పాపమూ కాదు. ఆయనకి దురదలేవీ లేకపోతే మందు కూడా అక్కర్లేదు. నొప్పి లేకపోతే కలిసి ఉండొచ్చు. కానీ చెప్పు. చెప్పకపోతే మగాళ్ళు వాళ్ళకి తోచిందేదో అనుకుంటారు."

ఏమనుకున్నాడో బావ. ఏడాది కిందటి మాట. నా మీద చెయ్యేశాడు, నేను ఆ మంటలో "అవతలికి పో బావా" అని విసిరికొట్టాను. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు, అంతే, అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడు మడత మంచం బండికి కట్టుకుని చెరువు మీదకి తీసుకెళ్ళిపోయాడు. కరెంటు సరిగ్గా ఉండట్లేదు, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే పంట చచ్చి తేలిపోద్ది, కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు. నిజమే, అన్ని గట్ల మీదా ఎవరో ఒకరు ఉంటారు. కానీ జీతగాడు సూరయ్య ఉండగా నువ్వెందుకయ్యా అని నేను అడగలేదు. అడిగితే ఇంటికొచ్చేస్తాడేమోనని భయం, అడక్కపోతే రాడేమోనని ఏడుపు. ఊరంతా "గోపికి చెరువంటే ప్రాణం" అంటారు. క్యారేజీ పట్టుకెళ్తే అల్లంత దూరంలో నిలబడి తీసుకుంటాడు. ఇవాళ ఆ మంచాన్ని ఇంటికి తేవాలి. ఎలా అడగాలో తెలీట్లేదు, అదొక్కటే ఈ సంతోషంలో ముల్లు.

మోపిదేవి దాటాం. సరోజక్క సంచిలోంచి సరుకు తీసి చూసుకుంటోంది, బిస్కెట్లు, దువ్వెనలు, సబ్బులు. చందనం వాసన గుప్పున కొట్టింది.

"ఇవి మీ ఆయన కోసమేనే," అంది, మోచేత్తో పొడిచి. "నా కొట్టులో సబ్బులన్నీ ఆయనే కొంటున్నాడు. మొన్నొచ్చి ఏమడిగాడో తెలుసా? రొయ్యల వాసన పూర్తిగా పోయే సబ్బు ఏదన్నా ఉందా వదినా, ఎంత ఘాటుదైనా పర్లేదు అన్నాడు. నేను నవ్వి, రొయ్యల పట్టుబడి డబ్బులొచ్చాక దొరబాబువైపోయావా మరిదీ అన్నాను. నవ్వలేదే పిచ్చోడు. పట్టుకెళ్ళి ఆ గట్టు మీద పొద్దున మాపూ తెగ రుద్దుకుంటున్నాడంట, చేతులు పగిలిపోయున్నాయి."

బుగ్గ మీది చెయ్యి జారిపోయింది. పన్ను నొప్పి ఏ వైపో కూడా మర్చిపోయాను. వాసన చూసుకున్నాడు. ఆ చెయ్యి. ఓరి నా బావా. ఓరి పిచ్చి సన్నాసీ. నీ దగ్గర వాసనేస్తోందని నేను తోసేశాననుకున్నావా, అందుకా మంచం, అందుకా అల్లంత దూరం, అందుకా చందనం? ఏడాదిపాటు నేను ఇంట్లో అయోడిన్‌తో, నువ్వు గట్టు మీద సబ్బుతో, ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం ఒళ్ళు కాల్చుకున్నామా? ఏడుపొచ్చింది, వెనకే నవ్వొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. బస్సు పులిగడ్డ అక్విడెక్టు వంతెన మీదకెక్కింది, కింద కృష్ణ పాయలో నీళ్ళు తళతళమంటున్నాయి, కిటికీలోంచి గాలి మొహాన కొట్టి పైట ఎగరేసింది. నేను నవ్వుతూనే ఉన్నాను.

"ఏంటే, పన్ను నొప్పి తలకెక్కిందా?"

"పన్ను కాదక్కా." అనేశాను. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను, దురద, ట్యూబు, అయోడిన్, ఈస్టు, ఆదివారం బిళ్ళ. ఊరంతా టముకేస్తుందేమో అనుకున్నా, వెయ్యనీ, ఇంక నాకేం. కానీ ఆవిడ అవనిగడ్డ దాకా ఆ సంచులతోనే ఉంది. సంచులు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూ, చిన్న గొంతుతో, "ఆ డాక్టరమ్మ బందర్లో ఎక్కడే?" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కాను. "నేను తీసుకెళ్తాలే అక్కా. అత్తకి ఈసారి కూడా పన్నేనని చెప్తా." ఇద్దరం పగలబడి నవ్వితే కండక్టరు తిరిగి చూశాడు. మిగిలిన జామకాయ తీసుకుని, రెండు వైపులా పళ్ళతో నమిలి తిన్నాను.

కోడూరు ఇంకా రాకముందే, చెరువుల దారి దగ్గర దిగిపోయాను. గట్టు మీద నడుస్తుంటే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి, ఎండ వాలుతోంది. బావ లుంగీ ఎగ్గట్టి బకెట్టులో మేత కలుపుతున్నాడు. నన్ను చూసి లేచి, వెనక్కి రెండడుగులు వేశాడు.

"పీకాడా?" అన్నాడు. అందరికీ నా పన్నే కావాలి. "ఆగాగు, అక్కడే ఉండు, చేతులనిండా మేత. స్నానం చేసొస్తా."

"నీ స్నానం గంగలో కలవా! ఇలా రా."

రాడు. నేనే వెళ్ళాను. ఆ చెయ్యి పట్టుకుని నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మేత వాసన, రొయ్య వాసన, బురద వాసన, పైన ఆ పాడు చందనం. మా నాన్న చేపల వేట నుంచొచ్చి నన్నెత్తుకున్నప్పుడు వచ్చిన వాసన. ఈ వాసన నాకు పడదనుకున్నాడే ఈ మనిషి. "వాసన కాదు బావా," అన్నాను. "నాకు దురద. మంట. నువ్వు ముట్టుకుంటే ఓర్చుకోలేక తోసేశాను. చెప్పుకోలేక చెప్పలేదు." తర్వాత మిగతాదంతా చెప్పాను. అయోడిన్ దగ్గరికొచ్చేసరికి బావ కళ్ళు ఇంతయ్యాయి.

"మన షెడ్డులోదా? పంట మీదా? ఓసి నీ తెలివి మండా, చెరువుకి కూడా రోజూ కొట్టంగదే!"

"తెలుసులే!"

నవ్వాడు. నవ్వుతూనే కూర్చుండిపోయాడు, మేత బకెట్టు పక్కన, మోకాళ్ళ మీద తలపెట్టుకుని. అలాగే అడిగాడు, "అయితే నా మీద అసహ్యం కాదా?"

"కాదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ కాదు బావా."

పగిలిన చేత్తో మొహం తుడుచుకుని లేచాడు. సూరయ్యని కేకేసి ఏరేటర్లు అప్పగించాడు. మడత మంచం బండికి అడ్డంగా కట్టాడు, కట్టాక తాడు రెండుసార్లు లాగి చూసుకున్నాడు, మళ్ళీ కుళాయి వైపు చూశాడు.

"రెండు చెంబులు పోసుకుని…"

"వద్దు."

"ఇలాగేనా? ఈ వాసనతో?"

"ఈ వాసనతోనే. సరోజక్క కొట్టు ముందు నుంచే పోనీ, సబ్బులు అమ్ముడుపోవని ఆవిడకి తెలియాలి."

బండి కిక్కు కొట్టాడు. గట్టు దారంతా గతుకులే, మంచం కోడు నా మోకాలికి తగులుతోంది, బావ బనీను చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. ఆ వీపుకి బుగ్గ ఆనించి, ఎంచక్కా కూర్చున్నాను.